ఇల్లు గుల్ల

నత్త నరాల బొమ్మ నేను కళ్లు మూసుకుని వేస్తాను. డిగ్రీ జువాలజీ ప్రాక్టికల్స్‌లో నాకు మార్కులు తెచ్చిపెట్టింది అదే. పైలా గ్లోబోసా. మైనం పోసిన ట్రేలో పిన్నులు గుచ్చి, నరాల ముడులు ఒక్కొక్కటీ విడదీసి, కింద నల్లకాగితం ముక్కలు దోపి చూపిస్తే, బయటి కాలేజీ నుంచి వచ్చిన ఎగ్జామినర్ కళ్లజోడు పైకెత్తి చూసి ‘బావుంది’ అన్నాడు. ఆ ఒక్క మాట మీద పాతికేళ్లుగా బతుకుతున్నాను. బయాలజీ మాస్టారి ఉద్యోగం, పెళ్లి, ఆమదాలవలసలో రెండు గదుల ఇల్లు, అన్నీ ఆ మాట తరవాత వచ్చినవే.

అలాంటివాణ్ణి కిందటేడు ఆషాఢంలో ఓ ఆదివారం నూట ఇరవై నత్తల చేతిలో ఓడిపోయాను. మా ఇంట్లోవాళ్లకి తెలుసు, మా లెక్కల మాస్టారికి తెలుసు, ఆయనకి తెలిసింది కాబట్టి బడికంతా తెలుసు. ఇక దాచుకుని ఏం చేసుకోను?

అసలు తప్పు స్టాఫ్‌రూములో జరిగింది. పల్లెటూరి తిళ్ల మీద నా ఉపన్యాసాలు మా బళ్లో ప్రసిద్ధం. చోడి అంబలితో మొదలుపెట్టి, ఎండు కవ్వళ్ల మీదుగా, నత్తల దగ్గర ఆగుతాను. లండన్‌లో వీధి బండ్ల మీద సముద్రపు నత్తలు ఉడకబెట్టి వెనిగర్ చల్లి అమ్ముతారు, వాటిని వెల్క్ అంటారు అని చెబుతాను. ఫ్రాన్సువాళ్లు వాటికే బులో అని ముద్దుపేరు పెట్టి, గుడ్డుసొనా నూనే వెల్లుల్లీ గిలక్కొట్టిన ముద్దలో అద్దుకు తింటారంటాను. బ్రిటన్ తీరంలో పట్టినవాటిలో చాలామట్టుకు దక్షిణ కొరియాకి ఓడలెక్కిపోతాయని కూడా చెబుతాను. ‘మనకి మడిగట్టు మీద ఊరికే దొరుకుతుంటే చులకన!’ అని బల్ల మీద చరిచి ముగిస్తాను. ఓసారి ఊపులో ఇంకో ముక్క కూడా చెప్పాను: ఇంగ్లండులో బొత్తిగా చేతకానివాణ్ణి ‘వెల్కుల బండి కూడా నడపలేడు’ అని ఎత్తిపొడుస్తారట. అందరూ నవ్వారు. అందరికంటే నేనే గట్టిగా నవ్వాను.

మా లెక్కల మాస్టారిది గోదావరి జిల్లా. పులస తిన్న నోరు, వెటకారం పుట్టిన నేల. రెండేళ్లు ఓపిగ్గా విని ఓరోజు, “అయితే మాస్టారూ, ఓసారి పెట్టించండి మరి” అన్నారు. “ఆదివారం భోజనానికి వచ్చెయ్యండి” అనేసింది నా నోరు. నన్నడగలేదు.

శనివారం సాయంత్రం స్టేషన్ వైపు రోడ్డు పక్క ఒకావిడ తట్ట ముందు పెట్టుకుని కూర్చుంది. వానలు పడ్డాక నాగావళి పక్క పల్లెల నుంచి ఇలా వస్తుంటారు. తడిగోనె మీద పోగులు. ఒక్కోటి చిన్న నిమ్మకాయంత, పాచి పట్టిన రాయి రంగు, మూతలు బిగించుకుని గోళీల్లా ఉన్నాయి. ఆవిడ దోసిటితో నీళ్లు చిలకరించగానే ఒకదాని మూత సన్నగా తెరుచుకుంది. లోపల్నుంచి బూడిదరంగు కండ ఇంత బయటికి వచ్చి, పక్కదాన్ని తడిమి, నచ్చనట్టు మళ్లీ లోపలికి పోయింది.

“పోగు నలబై బావూ. రెండేసుకో, డెబ్బైకిచ్చేత్తాను.”

“మడివా, చెరువువా?” అన్నాను, తెలిసినవాడిలా.

“మడియే. మందు కొట్టని మడి. మందు కొట్టిన కాడ నత్తేటి, కప్పే ఉండదు.”

ఒకటి చేతిలోకి తీసుకుని తిప్పి చూసి, “పైలా గ్లోబోసా” అన్నాను.

“కాదు బావూ, నత్తే” అందావిడ, అనుమానంగా నా మొహంలోకి చూస్తూ. “ఒండడం ఎరికేనా? ఇంటికాడ ఆడోల్లకి తెలుసునా?”

“మా అమ్మ చేతి నత్తలు తిని పెరిగినవాణ్ణమ్మా!” అన్నాను. తినేవాడికీ పొయ్యికీ మధ్య అమ్మ ఒకతె ఉండేదన్న సంగతి ఆ క్షణాన గుర్తు రాలేదు.

“అలగైతే ఓ రాత్తిరి నీల్లలో ఒగ్గీ. బురదంతా కక్కీసి సుబ్బరమైపోతాయి. మరేటంటే బావూ...” అని ఆవిడ ఇంకా ఏదో చెబుతోంది. నేనప్పటికే ఫోను తీసి లెక్కల మాస్టారికి సరుకు దొరికిందన్న శుభవార్త చెబుతున్నాను. ఆవిడ చెప్పిన రెండో సగం, మూత పెట్టి మూత మీద రాయి పెట్టమని అనుకుంటాను, నా చెవిన పడలేదు.

మా ఆవిడది విజయనగరం. చేపలూ రొయ్యలూ చేయి తిరిగిన మనిషి. సంచీలోకి ఓసారి తొంగిచూసి, “మీ ఉపన్యాసం, మీ వంట” అని టీవీ ముందుకి వెళ్లిపోయింది. ఎనిమిదో తరగతి చదివే మా అమ్మాయి మాత్రం బకెట్ ముందు కూర్చుని లెక్కపెట్టింది. సరిగ్గా నూట ఇరవై. బాత్రూములో బకెట్ నిండా నీళ్లు పోసి, లైటు ఆర్పి పడుకున్నాం.

నత్తకి మొప్పా ఉంది, ఊపిరితిత్తీ ఉంది. నీళ్లలో ఉంటే మొప్పతో, గట్టెక్కితే ఊపిరితిత్తితో గాలి పీలుస్తుంది. వానాకాలం రాత్రిపూట తడినేల దొరికితే షికారు బయల్దేరుతుంది. ఇదంతా ఏటేటా పిల్లలకి నేనే చెబుతాను. పరీక్షలో రాయనివాడికి మార్కులు కోస్తాను కూడా. బకెట్‌కి మూత పెట్టకుండా పడుకున్నదీ నేనే.

నాలుగున్నరకి మా ఆవిడ కేక. “ఏటండీ ఇదీ!”

గోడ పలకల మీద, అద్దం మీద, బ్రష్షుల డబ్బా మీద, గీజరు గొట్టం మీద నత్తలే. ఒకటి నా గడ్డం గీసుకునే బ్రష్షు కుచ్చులో తలదాచుకుంది. నేల మీద జిగురు చారలు బాత్రూములోంచి నడవలోకి, నడవలోంచి వంటింట్లోకి, తలో దారీ మెరుస్తున్నాయి. దేవుడి గది గడప మీద ఒకటి సగం ఎక్కి ఆగి ఉంది. మా ఆవిడ నడుం మీద చెయ్యి పెట్టుకుని దాన్నే చూస్తూ, “నత్తనడక నత్తనడక అంటారు కదా, ఇది రాత్రికి రాత్రి ఇక్కడిదాకా ఎలా వచ్చిందండీ?” అంది. వంతెన పనులు నత్తనడకన సాగుతున్నాయని రాసే పేపరువాళ్లు ఈ సంగతి కాస్త చూసుకోవాలి. ఆ కాంట్రాక్టర్లకి ఇంత వేగం అంటగట్టడం అన్యాయం.

టార్చిలైటు పట్టుకుని, మంచాల కిందా బీరువా వెనకా పాకి, పదింటికల్లా నూట పంతొమ్మిది పట్టాం. ఒకటి దొరకలేదు. మా అమ్మాయి రెండుసార్లు లెక్కపెట్టింది. లెక్క తప్పలేదు, నత్తే తప్పిపోయింది.

ఇక వంట. ఇక్కడ నా చదువు అడ్డొచ్చింది. నత్త సరిగ్గా ఉడక్కపోతే ప్రమాదం. ఎలుకల ఊపిరితిత్తుల్లో పెరిగే ఒక పురుగు, 1935లో చైనాలోని కాంటన్‌లో కనిపెట్టారు, పిల్లదశలో నత్తల్లో కాపురం ఉంటుంది. పచ్చిగానో అరకొరగా ఉడికినవో తింటే అది మనిషి మెదడు పొరలదాకా పోగలదు. ఇది నిజం, ఎవరూ తేలిగ్గా తీసుకోకూడదు. నేను కాస్త ఎక్కువగా తీసుకున్నాను. అయిదు లీటర్ల కుక్కరులో నత్తలన్నీ గుల్లలతో సహా మెడదాకా పోసి, ఎనిమిది విజిళ్లు అని తీర్పు చెప్పి, స్టవ్ మంట పెంచాను.

రెండు విజిళ్లు మర్యాదగానే వచ్చాయి. మూడోది విజిల్‌లా రాలేదు. ముందు బుసబుస, తరవాత గుడగుడ, ఆ తరవాత ఆకుపచ్చా బూడిదా కలిసిన నురగ వెయిట్ కిందనుంచి ఫౌంటెన్‌లా లేచింది. నత్త ఒంటినిండా జిగురే. దాన్ని ఉడకబెడితే పొంగుతుంది, పొంగింది సందు మూసేస్తుంది. గోడ పలకలూ గట్టూ సరే, ఎదురుగా ఉన్న శ్రీకూర్మం క్యాలెండరు మీదకీ చిందింది. స్వామీ, కూర్మావతారానివి, నీకు నీళ్లూ బురదా కొత్త కాదు, మన్నించమని దణ్ణం పెట్టుకుని స్టవ్ ఆర్పేశాను. మా ఆవిడ గుమ్మంలోకి వచ్చి చూసి, ఏమీ అనకుండా వెళ్లిపోయింది. ఏదైనా అంటే బాగుండుననిపించింది.

చల్లారాక గుల్లల్లోంచి లాగడం. పిన్నీసు గుచ్చి లాగితే సగం వస్తోంది, సగం లోపల తెగిపోతోంది. కుక్కరులో ఒకదాన్నొకటి కొట్టుకుని కొన్ని గుల్లలు పగిలాయి, పెచ్చులు కండకి అంటుకున్నాయి. అప్పుడు జ్ఞాపకం వచ్చింది. డిగ్రీలో గుల్ల పగలగొట్టి, నత్తని నలగకుండా ట్రేలో పెట్టి ఇచ్చేవాడు ల్యాబ్ అటెండరు. ‘బావుంది’ అన్న మాటలో సగం వాటా ఆయనది. ఇన్నాళ్లూ పూర్తిగా నేనే అనుభవించాను.

పైగా మా అమ్మాయి పక్కన కూర్చుని, “నాన్నా, ఇదేంటి?” అంది. ఇక ఆగగలనా? నత్త నాలుక తీసి చూపించాను. ఆకురాయిలా ఉంటుంది, అడ్డవరసకి ఏడేసి పళ్లు, దాంతో నాచు గీక్కు తింటుంది. 1925లో బైనీ ప్రసాద్ అనే పెద్దాయన ఈ నత్త శరీరం లోపలి సంగతులన్నీ ఇండియన్ మ్యూజియం ప్రచురణలో రాశాడని కూడా చెప్పాను. బాగానే వింది. గడియారం చూస్తే గంట గడిచింది. గిన్నెలో పదకొండు నత్తలు. లెక్కల మాస్టారు ఒంటిగంటకి వస్తారు.

మా శ్రీకాకుళం జిల్లాలోనే, ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచికి వానాకాలంలో నత్తగుల్ల కొంగలు వచ్చి ఊళ్లో చెట్ల మీద గూళ్లు కట్టుకుంటాయి. ముక్కు మూసినా మధ్యలో సందు ఉంటుంది. పై ముక్కుతో నత్తని అదిమిపట్టి, కింది ముక్కు కొసని మూత పక్కనుంచి దోపి, కండ పట్టు కోసి, గుల్ల చిట్లకుండా మనిషిని, అదే, నత్తని బయటికి లాగేస్తాయి. ఏ కాలేజీలోనూ చదవలేదు. వాటికి ఎగ్జామినరూ లేడు, అటెండరూ లేడు.

గతిలేక అమ్మకి ఫోను చేశాను. అమ్మ నాగావళి అవతల మా ఊళ్లోనే ఉంటుంది.

“నత్తలు కొన్నావా? నువ్వా?” అని ఒక నిమిషం ఏమీ మాట్లాడలేదు. తరవాత నవ్వడం మొదలుపెట్టింది. పక్కింటావిడకి చెబుతోంది, “మావోడు నత్తలు కొన్నాడటే!” ఇద్దరూ నవ్వుతున్నారు.

“అమ్మా, టైము లేదే.”

“ఏల నవ్వనురా? బళ్లో ఏటి తిన్నావంటే రొయ్యలని సెప్పినోడివి కదా నువ్వు.”

చెప్పాను. నిజమే. వానాకాలం వస్తే మా ఇంట్లో నత్తలు దొడ్లో పొయ్యి మీద, పాత దాకలో వండేవారు. ఇంట్లో గిన్నెలకి ఆ మర్యాద లేదు. గుల్లలు పొద్దున్నే పెంటకుప్పలో కనపడకుండా కప్పెట్టేవారు. కూలికెళ్లేవాళ్ల కూర అని ఊళ్లో పేరు, మేమూ కూలికెళ్లేవాళ్లమే అయినా సరే. నాలుగో తరగతిలో ఒకడు నా చెయ్యి వాసన చూసి ‘ఏటి తిన్నావు?’ అంటే రొయ్యలన్నాను. ఆ వారమంతా మా ఇంట్లో రొయ్యలే. మేమేదో జమీందార్లమని వాడు నమ్మేశాడు. పేరు మార్చి చెప్పుకోవడం ఒక్క నాకే కాదు లెండి, ఇప్పుడు మేముంటున్న ఊరికీ అలవాటే. ఆమదాలవలసలో రైలు దిగండి, బోర్డు మీద శ్రీకాకుళం రోడ్ అని ఉంటుంది. టికెట్ మీద కోడ్ సీహెచ్ఈ, ఇంగ్లీషువాడు పలికిన చికాకోల్ తాలూకు ముక్క. మా ఊరి స్టేషనుకే మా ఊరి పేరు లేదు, నత్తలని రొయ్యలంటే తప్పా?

“కుక్కర్లో ఏసీసినావా! ఓరి నాయనో!” అంది అమ్మ, నవ్వు ఆపుకుని. “అవి ఓ పొంగు రాగానే దింపీసి, నీల్లు వంపీసి, అప్పుడు తియ్యాల్రా. పిన్నీసు ఒద్దు, ఒంకరపోద్ది. తుమ్మముల్లు తే. ముల్లు గుచ్చి గుల్లని తిప్పు, నత్తని తిప్పీకు. దానంతటదే జారొత్తాది. మూత పీకీ. ఎనకాల నల్లగా తోకుంటాది, దాన్లోనే మట్టీ ఇసకా అంతాను, అది గిల్లీ. ఉప్పూ చోడిపిండీ ఏసి జిగురు పోయేదాక రుద్దు. ఏడు నీల్లు కడుగు. ఆ పైన ఉల్లిపాయి, పచ్చిమిరగాయి, గోంగూర. నీల్లు ఎక్కువ పొయ్యీకు. సిన్న మంట మీద బాగా ఉడకాల. అది మెత్తబడ్డాదో లేదో గరిటికి తెలుసు.”

గరిటకి తెలిసేది నాకెలా తెలుస్తుందని అడిగేలోపే పెట్టేసింది.

పెరటిగోడ అవతల తుమ్మచెట్టు ఉంది. నాలుగు ముళ్లు కోసుకొచ్చాను. గుల్లని తిప్పాను, నత్తని కాదు. జారివచ్చింది! పొడుగ్గా, చుట్ట తిరిగి, కొసన నల్లతోకతో, ఒక్క ముక్క కూడా తెగకుండా. పదోతరగతి పాసైనప్పుడు కూడా అంత సంతోషం కలగలేదు. ఇరవై నిమిషాల్లో అరవై తీశాను. ఆ సంతోషంలో తోకలు గిల్లడం ఎక్కడో మధ్యలో మానేశాను. కడగడం కూడా మూడు నీళ్లతో ఆగిపోయింది. నాలుగో నీళ్లకి కాలింగ్ బెల్ మోగింది.

కూర రంగు బావుంది. గోంగూర మా ఆవిడ తరిగి పెట్టింది, అడక్కుండానే. వాసన కూడా, నిజం చెప్పాలంటే, అచ్చం మా దొడ్లో వాసనే వచ్చింది. చిన్న మంట మీద బాగానే ఉడకనిచ్చాను, పురుగు భయం అలాంటిది. రెండున్నరకి విస్తళ్లు వేశాం. లెక్కల మాస్టారు మొదటి ముద్ద కలుపుకుని నోట్లో పెట్టుకున్నారు. ఒక నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో స్పష్టంగా ‘కర్’ మంది.

“మిరియాలు కచ్చాపచ్చాగా దంచి వేశారా మాస్టారూ?”

“అవునండీ” అన్నాను.

పాతికేళ్ల అనుభవం ఉన్న బయాలజీ మాస్టారు నాగావళి ఇసకని మిరియాలన్నాడు. నేనూ ఒకటి నోట్లో వేసుకున్నాను. కండ మెత్తగా, గోంగూర పుల్లగా, అన్నీ కుదిరాయి. తరవాత నా పళ్లలోనూ ‘కర్’. మా అమ్మాయి అన్నానికి చారు పోసుకుంది. మా ఆవిడ విస్తట్లో పెరుగు మొదటే ఉంది. లెక్కల మాస్టారు మర్యాదస్తుడు, అయిదు నత్తలు తిన్నారు. ఆరోదాన్ని విస్తరి అంచుకి మెల్లగా నెట్టి, ఆవకాయ అడిగారు. చెయ్యి కడుక్కుంటూ మాత్రం గోదావరి బయటపడింది. “మాస్టారూ, ఆ ఇంగ్లండువాళ్ల బండి సంగతి... మీరు అటు వెళ్లకపోవడమే మంచిదండీ, అక్కడ ఇప్పటికే నష్టాల్లో ఉన్నారేమో.”

సాయంత్రం లెక్క వేశాం. నత్తలు డెబ్బై రూపాయలు. కుక్కరు గాస్కెట్టు, సేఫ్టీ వాల్వు, బాత్రూము కడగడానికి రెండు సీసాల ఫినాయిలు, కొత్త గడ్డం బ్రష్షు. గుల్లలు ఒక సంచీ నిండా మిగిలాయి. పాతకాలంలో అయితే వీటిని బట్టీలో కాల్చి గుల్లసున్నం చేసేవారు, గోడలకీ తాంబూలానికీ పనికొచ్చేదని నేను మొదలుపెట్టబోయాను. “ఇల్లు గుల్ల చేశారు, చాలదా?” అంది మా ఆవిడ. సంచీ తీసుకెళ్లి జామచెట్టు మొదట్లో గుమ్మరించాను.

నూట ఇరవయ్యోది దొరికింది, ఆరు నెలల తరవాత. సంక్రాంతికి ఇల్లు దులుపుతుంటే బియ్యం డ్రమ్ము వెనకాల, గోడ మూలకి ఆనుకుని, మూత గట్టిగా బిగించుకుని. ఎండిపోయిందనుకుంది మా అమ్మాయి. నేను చెవి దగ్గర పెట్టుకుని ఊపాను. బరువుంది, మోత లేదు. చెరువెండిపోతే బురదలో దూరి, మూత బిగించి, మళ్లీ వాన పడేదాకా అలాగే ఉంటుంది ఇది. మా వంటింట్లో వాన పడలేదు, అంతే.

సెలవులయ్యాక గాజుగిన్నెలో నీళ్లు పోసి క్లాసుకి పట్టుకెళ్లాను. నలభై మంది పిల్లలు బల్లచుట్టూ మూగారు. చాలాసేపు ఏమీ లేదు. ఒక చిన్న బుడగ వచ్చింది. మూత అంచు ఒకవైపు సడలింది. తరవాత కండ, తరవాత రెండు మీసాలు, వాటి మొదట్లో చిన్న కాడల మీద కళ్లు. గిన్నె గోడని పట్టుకుని పైకి పాకడం మొదలుపెట్టింది. పిల్లలు ఊపిరి బిగబట్టారు.

వెనక బెంచీ కుర్రాడొకడు ఉండబట్టలేక, “ఇవి గోంగూరేసి వండితే బలే ఉంటాయి మాస్టారూ!” అన్నాడు.

క్లాసంతా గొల్లున నవ్వింది. ‘ఛీ’ అంది ముందు బెంచీ. వాడు తల దించుకుని, కాసేపాగి, మళ్లీ ఎత్తి నావైపు చూశాడు.

“మీరు తిన్నారా మాస్టారూ, ఎప్పుడైనా?”

నలభై మొహాలూ నా వైపు తిరిగాయి. చాక్‌పీసు అందుకుని బోర్డు వైపు తిరిగాను. చాలా శ్రద్ధగా, ఒక్కో గీతా లెక్కపెట్టుకుంటూ, నత్త మూత బొమ్మ వెయ్యడం మొదలుపెట్టాను.

వెనకనుంచి ఆ కుర్రాడి గొంతే వినిపించింది.

“మూత అలగుండదు మాస్టారూ.”